వైశికంలో విశ్వాసం : గణికా సాహచర్యానికి మూలకారణ పరిశీలన

1. ప్రస్తావన

సంస్కృతాంధ్ర వాఙ్మయాల్లో గణికా పాత్రకు ఉన్న స్థానం పండితులకు కొత్తగా చెప్పవలసింది కాదు. ఆ పాత్రను గురించిన విమర్శ సాధారణంగా రెండు మార్గాల్లో సాగుతూ వచ్చింది. మొదటిది ఆలంకారికుల నాయికాభేద నిరూపణను అనుసరించేది. రెండవది సంఘసంస్కరణ దృష్టితో గుణదోషాలను నిర్ణయించేది. ఈ రెండూ అవసరమైనవే. అయితే వీటి నడుమ ఒక ప్రశ్న తగినంత పరిశీలనకు నోచుకోలేదు. ధనమిస్తే దేహసుఖం లభిస్తుందని తెలిసిన మనిషి అంతటితో తృప్తి చెందక, ధనమిచ్చిన చోటనే ఆదరాన్నీ ఆప్యాయతనూ అనురాగాన్నీ ఎందుకు వెదుకుతాడు? కొనలేనిదని తానెరిగిన వస్తువునే కొనడానికి ఎందుకు పూనుకుంటాడు?

ఈ ప్రశ్నకు మన శాస్త్రాలలోను కావ్యనాటకాలలోను లభించే సమాధానాలను క్రోడీకరించడం ఈ వ్యాసం ఉద్దేశం. వాత్స్యాయనుని కామసూత్రాలు, కౌటిలీయం, మృచ్ఛకటికం, దశకుమారచరితం, కుట్టనీమతం ఇందుకు ప్రధానాధారాలు. తెలుగు నుండి వైజయంతీ విలాసం, కన్యాశుల్కం గ్రహింపబడ్డాయి.

2. గణిక – గోష్ఠి – సంభాషణం

వాత్స్యాయనుడు గణిక అనే పేరును వేశ్యలందరికీ వాడలేదు. చతుష్షష్టి కళలలో ఆరితేరి, శీల రూప గుణాలు కలిగిన స్త్రీకి మాత్రమే ఆ పేరు దక్కుతుందనీ, ఆమెకు జనసభలో స్థానం లభిస్తుందనీ అతడు చెప్పాడు. నాగరకుని దినచర్యను వర్ణించే ప్రకరణంలో గోష్ఠి లక్షణం ఉంది. విద్య, బుద్ధి, శీలం, సంపద, వయస్సు సమానంగా ఉన్నవారు వేశ్యాగృహంలోనో, సభలోనో, తమలో ఒకరి ఇంటిలోనో చేరి, వేశ్యలతో తగిన సంభాషణలు జరుపుతూ కూర్చోవడమే గోష్ఠి. అక్కడ జరిగేది కావ్యచర్చ, కళాచర్చ. శాస్త్రకారుడు ఈ లక్షణంలో మొదట పేర్కొన్నది సంభోగాన్ని కాదు, సంభాషణాన్ని.

దీనికి ప్రతిగా భార్యాధికరణాన్ని చూస్తే భేదం స్పష్టమవుతుంది. ఏకచారిణి అయిన భార్య విధులలో గృహపరిశుభ్రత, తోటల పెంపకం, పరిజన పోషణ, నిత్యం ఆయవ్యయాల లెక్క మొదలైనవి విస్తారంగా చెప్పబడ్డాయి. స్త్రీలు కళలను అభ్యసించడాన్ని వాత్స్యాయనుడు సమర్థించిన మాట నిజమే. అయినప్పటికీ అతడు చిత్రించిన సంఘంలో భార్య స్థానం గృహనిర్వహణలోను, గణిక స్థానం గోష్ఠిలోను స్థిరపడ్డాయి. భర్త తన సమానులతో కూర్చొని కవిత్వం గురించి మాట్లాడే చోటికి భార్యకు ప్రవేశం లేదు. కాబట్టి పురుషుడు సంభాషణ కోసం వీధి దాటి వెళ్ళడానికి భార్య లోపం కారణం కాదు. భార్యను లెక్కలకూ గణికను మాటలకూ నియోగించిన వ్యవస్థయే దానికి కారణం. మృచ్ఛకటికం దీనికి సాక్ష్యం. చారుదత్తుని ధర్మపత్ని ధూత భర్త పరువు నిలపడానికి తన రత్నావళిని త్యాగం చేసిన ఉత్తమురాలు. ఆమెలో కవి ఏ కొరతనూ చూపలేదు.

ఇక కౌటిల్యుడు గణికాధ్యక్ష ప్రకరణంలో గణికకు నేర్పవలసిన విద్యలను పేర్కొన్నాడు. గీతం, వాద్యం, నృత్యం, నాట్యం, లేఖనం, చిత్రలేఖనం, గంధమాల్య రచన మొదలైన వాటి నడుమ పరచిత్తజ్ఞానం అనే విద్య కూడా ఉంది. అనగా ఎదుటివాని మనస్సును ఎరగడం. ఈ విద్యలు నేర్పే గురువులకు రాజ్యమే జీవికను ఏర్పరచాలని అతని విధి. తన మనస్సును ఒకరు ఎరగాలనే కోరిక ఆనాటి నగరవాసులలో ఎంత బలంగా ఉండి ఉంటుందో దీనినిబట్టి ఊహించవచ్చు. అడిగేవారు లేని విద్యకు రాజు వేతనమివ్వడు కదా!

3. స్వాభావికం – కృత్రిమం

కామసూత్రాలలోని ఆరవ అధికరణం వైశికం. పాటలీపుత్ర గణికల కోరికపై దత్తకుడు ఈ భాగాన్ని విడిగా రచించినట్లు గ్రంథారంభంలోనే ఉంది. అందుచేత ఇది విటుల కోసం పుట్టిన శాస్త్రం కాదు, వృత్తిలో ఉన్న స్త్రీల కోసం పుట్టిన శాస్త్రం.

వైశికారంభంలో వాత్స్యాయనుడు చేసిన విభాగం మన ప్రశ్నకు తాళపుచెవి వంటిది. పురుషుని చేరడంవల్ల వేశ్యకు రతి, జీవిక రెండూ సిద్ధిస్తాయి. రతి చేత ప్రవర్తిస్తే అది స్వాభావికం. అర్థం కోసం ప్రవర్తిస్తే అది కృత్రిమం. అయితే ఆ కృత్రిమాన్ని కూడా స్వాభావికంగానే తోపింపజేయాలని అతడు విధించాడు. దానికి చూపిన హేతువు గమనింపదగినది. తమపై నిజమైన కోరిక గల స్త్రీలనే పురుషులు విశ్వసిస్తారట. ఈ ఒక్క హేతువుతో వైశికవ్యవహారంలోని అసలు పణ్యమేదో తేలిపోతుంది. అక్కడ అమ్ముడయ్యేది దేహం కాదు, విశ్వాసం. ధనం కోసం కాక తన కోసమే ఆమె తనను చేరిందన్న విశ్వాసానికే విటుడు ధనమిస్తున్నాడు.

ఆ విశ్వాసం ఎట్లా కల్పించాలో కాంతానువృత్తం అనే ప్రకరణం వివరిస్తుంది. నాయకునితో కూడినంత కాలం ఏకపత్ని వలె మెలగాలి. అతనిని రంజింపజేయాలి గాని తాను తగులుకోరాదు. అయినా తగులుకొన్నదాని వలె ప్రవర్తించాలి. తరువాత వచ్చే వివరాలు మరింత ఆలోచింపజేస్తాయి. అతడు నిట్టూర్చినా, ఆవులించినా, తొట్రుపడినా అతనికేదో బాధ కలిగిందని కలత చెందాలి. అతడు తుమ్మితే చిరంజీవి కమ్మని పలకాలి. ఇవి శయ్యాగృహానికి సంబంధించిన విషయాలు కావు. తల్లి బిడ్డ విషయంలో, అక్క తమ్ముని విషయంలో సహజంగా చూపే ఆదుర్దాలు. తుమ్మినపుడు చిరంజీవ అనే మాట మన ఇళ్ళలో ఏ వెలా లేకుండా వినిపించేది. దానిని కూడా శాస్త్రంలో విధిగా చేర్చవలసి వచ్చిందంటే, ఆ మాటకు మొహం వాచినవారు ధనవంతులలో సైతం ఉండేవారని గ్రహించాలి.

4. వరింపబడాలనే కోరిక

సంభాషణం, ఆదరం కాక మూడవ కారణం ఒకటి ఉంది. దానిని సూచించినవాడు శృంగారతిలక కర్త రుద్రభట్టుడు. వేశ్యానురాగం శృంగారాభాసమే గాని శృంగారం కాదన్న మతాన్ని అతడు అంగీకరించలేదు. కులస్త్రీ విషయంలో నాయకునికి ఈర్ష్య కలగదు, పరాంగన విషయంలో నిశ్శంకమైన క్రీడకు అవకాశం లేదు, ఈ రెండూ సమృద్ధిగా ఉండేది వేశ్య యందేనని అతని వాదం. రాచకొండ ప్రభువైన సింగభూపాలుడు రసార్ణవసుధాకరంలో ఈ వాదాన్ని చర్చకు తెచ్చాడు గనుక ఆంధ్రదేశంలోని ఆలంకారికులకు ఇది పరిచితమైన విషయమే.

ఈ వాదంలోని ఈర్ష్య అనే మాటను కొంత విచారించాలి. చేజారిపోవచ్చునన్న భయం లేనిచోట ఈర్ష్య పుట్టదు. పెద్దలు కుదిర్చిన వివాహంలో భార్య చేజారదు. కాని ఆమె భర్తను ఎన్నుకొన్నదీ లేదు. ఎన్నుకొనే స్వాతంత్ర్యం లేనివారి నుండి ఎన్నికైన తృప్తి ఎవరికీ లభించదు. గణికకు గమ్యాగమ్య విచారం ఉంది. ఎవరిని చేరవచ్చునో, ఎవరిని నిరాకరించాలో వైశికం జాబితా కట్టి చెప్పింది. కాదనగల స్త్రీ ఔనన్నపుడే ఆ మాటకు విలువ. విటుడు ధనంతో పాటు తన గుణాలను కూడా ఆమె తూకంలో వేసిందని నమ్మదలచుకొంటాడు. తాను ఒకరిచేత వరింపబడ్డానన్న తృప్తియే అతడు కోరేది.

ఈ కోరిక సంసారులకే పరిమితం కాదని దండి దశకుమారచరితంలో నిరూపించాడు. అంగదేశంలోని చంపానగరపు గణిక కామమంజరి మరొక గణికతో పందెం వేసి మరీచి మహర్షి ఆశ్రమానికి వస్తుంది. వృత్తిపై విరక్తి నటిస్తుంది. మునికి శుశ్రూష చేస్తుంది. ఏకాంతంలో ధర్మార్థకామాల తారతమ్యం గురించి చర్చ నడుపుతుంది. ముని మనస్సును లొంగదీసింది ఆమె రూపమొక్కటే కాదు. సర్వం విడిచి తనను ఆశ్రయించిన శిష్యురాలి తదేకనిష్ఠ, తనతో సమానంగా శాస్త్రం మాట్లాడే ఆమె నేర్పు అందుకు తోడ్పడ్డాయి. ఆమె వెంట నగరానికి వెళ్ళి, ఉత్సవంలో రాజు ఎదుట పందెం తీరిన తరువాతగాని అతనికి నిజం తెలియదు. ఈ కథను 13వ శతాబ్దిలో కేతన తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు. అట్లా ఇది మన కావ్య సంప్రదాయంలో చేరింది.

వైజయంతీ విలాసంలో సారంగు తమ్మయ చెప్పిన విప్రనారాయణ కథ దీనికి దగ్గరి చుట్టం. శ్రీరంగంలో రంగనాథునికి పూదోట పెంచి దండలు సమర్పించే విప్రనారాయణుడు తమ నమస్కారాన్ని గమనించలేదన్న పట్టింపుతో దేవదేవి అక్కతో పందెం వేస్తుంది. విరాగిణి వేషంలో వచ్చి తోటపనిలో సేవకు కుదురుతుంది. రెండు కథల్లోను పురుషుడు విరాగి, ధనం చేతలేనివాడు. రెండింటిలోను స్త్రీ ప్రవేశమార్గం శుశ్రూష. అనగా ధనప్రసక్తి ఏ మాత్రమూ కనబడనిచోటనే విశ్వాసం సంపూర్ణంగా కుదిరింది. వాత్స్యాయనుడు సూత్రంగా చెప్పినదానికి ఇవి రెండు ఉదాహరణలు.

5. వెల కనబడని ఏర్పాటు

విశ్వాసం అమ్ముడయ్యేచోట ఒక చిక్కు ఉంది. వెల అడిగిన మరుక్షణం విశ్వాసం చెడుతుంది. అడగకపోతే జీవిక గడవదు. ఈ చిక్కును విప్పడానికి ఏర్పడిన పాత్రయే తల్లి లేక కుట్టని. తల్లి క్రూరురాలు, ధనపరురాలు. కూతురు ప్రేమమయి, తల్లికి లోబడి ఉన్న నిస్సహాయురాలు. ఈ పాత్రవిభాగాన్ని వాత్స్యాయనుడే ఉపదేశించాడు. విప్రనారాయణుని ఇంటి నుండి వెళ్ళగొట్టేది దేవదేవి కాదు, ఆమె తల్లి. ఈ ఏర్పాటు వల్ల విటుడు ధనం తల్లికి చెల్లిస్తున్నట్లును, అనురాగం కూతురు ఉచితంగా ఇస్తున్నట్లును భావించుకోగలుగుతాడు. అందుచేత మన కావ్యాల్లోని వేశ్యమాత కేవలం హాస్యపాత్ర కాదు. వ్యవహారం నిలవడానికి అవసరమైన అంగం.

కాశ్మీర రాజు జయాపీడుని మంత్రి దామోదరగుప్తుడు కుట్టనీమతంలో ఈ నేర్పును పరాకాష్ఠకు తెచ్చాడు. వారణాసిలో వికరాల అనే వృద్ధ కుట్టని మాలతికి చేసే ఉపదేశమే ఆ కావ్యం. అందులో హారలత కథ ఉంది. సుందరసేనుని వియోగాన్ని సహించలేక ఆమె ప్రాణం విడుస్తుంది. వేశ్యలలో నిజమైన ప్రేమ ఉండదన్న శంకను విటుని మనస్సు నుండి తొలగించడానికి వికరాల ఈ కథను ఉపయోగిస్తుంది. ఒక స్త్రీ నిజంగా ప్రేమించి మరణించిన కథ మరొక స్త్రీ నటనకు సాధనమైంది. స్వాభావికమే కృత్రిమానికి పెట్టుబడి అయింది. కవి హృదయం ఎటు మొగ్గిందో చెప్పడం కష్టమైనా, హారలత ఘట్టంలోని కరుణ మాత్రం ఉపదేశ ప్రయోజనాన్ని మించినది.

6. ఆమె పక్షం

ఇంతవరకు పురుషుని లేమిని గురించి విచారించాం. అక్కడితో ఆగితే విచారణ సగమే అవుతుంది. కౌటిల్యుడు గణిక విముక్తికి నిర్ణయించిన నిష్క్రయం 24,000 పణాలు. ఆమె కుమారునికి 12,000 పణాలు. పురుషుడు కొన్ని ఘడియల సాహచర్యానికి వెల ఇస్తున్నాడు. ఆమె తన జీవితాన్ని తాను పొందడానికి వెల ఇవ్వాలి. వరించే స్వాతంత్ర్యం ఆమెకున్నదని విటుడు మురిసిపోవచ్చు. కాని ఆ స్వాతంత్ర్యానికి ఈ 24,000 పణాల ప్రాకారం చుట్టూ ఉంది.

స్త్రీ ఒక పురుషుని చేరడానికి గల కారణాలను పూర్వాచార్యులు ఇరవై వరకు లెక్కించారని వాత్స్యాయనుడు తెలిపాడు. వాటిలో రాగం, భయం, అర్థం ఉన్నాయి. అనుకంప, ఖేదం, మిత్రుని మాట, ప్రియునితో పోలిక కూడా ఉన్నాయి. పూర్వం ప్రేమించినవాని పోలిక కనబడినందువల్ల మరొకనిని చేరడం అనే కారణాన్ని గుర్తించిన ఆచార్యులు వేశ్య హృదయాన్ని యంత్రంగా భావించలేదని స్పష్టం. వాత్స్యాయనుడు ఈ జాబితాను అర్థం, అనర్థ నివారణ, ప్రీతి అని మూడింటికి కుదించాడు. కుదించినా ప్రీతిని విడువలేదు.

ఆ ప్రీతికి రూపమిచ్చినవాడు శూద్రకుడు. శకారుడు పదివేల సువర్ణాల విలువగల ఆభరణాలతో బండి పంపగా, తాను బ్రతికి ఉండాలని కోరితే ఇక ఇట్టి ఆజ్ఞ పంపవద్దని వసంతసేన తల్లికి కబురు చేస్తుంది. అనురాగానికి కారణం గుణమే గాని బలాత్కారం కాదన్నది ఆమె సిద్ధాంతం. ఇది మన ప్రశ్నను తలకిందులు చేస్తుంది. మాటకోసం, ఆదరం కోసం వెదుకుతున్నది విటుడు మాత్రమే కాదు, ఆమె కూడా.

ఆరవ అంకంలోని బండి ఘట్టం ఇందుకు శిఖరం. బంగారు బండి కావాలని ఏడుస్తున్న రోహసేనునికి వసంతసేనను అమ్మగా చూపుతారు. ఆభరణాలున్న ఈమె తన అమ్మ కాదంటాడు బాలుడు. ఆమె కంటతడితో ఆభరణాలన్నీ ఒలిచి మట్టిబండిలో నింపుతుంది. ధనం తీసుకొని తల్లివలె ఆదుర్దా నటించడం వైశికవిధి. ధనమిచ్చి తల్లి కావడం వైశికాన్ని దాటిన స్థితి. తరువాత అధికరణంలో అవే ఆభరణాలు చారుదత్తుడు ధనలోభంతో హత్య చేశాడనడానికి సాక్ష్యమవుతాయి. వెల లేకుండా ఒక గణిక ఏదైనా ఇవ్వగలదన్న ఊహకు న్యాయసభలో స్థానం లేదు. లోకదృష్టి ఎంత ఇరుకైనదో ఇంతకంటె బలంగా చెప్పడం సాధ్యం కాదు. ప్రహసనంలో తప్ప ఇతర రూపకాల్లో వేశ్యానాయిక అనురక్తయే కావాలని దశరూపకంలో ధనంజయుడు నియమించడం వెనుక ఇట్టి పాత్రల అనుభవం ఉండి ఉంటుంది.

7. తెలుగు నాటకంలో మధురవాణి

గురజాడ అప్పారావు కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో ముద్రితమై, 1909లో సమగ్రంగా సంస్కరింపబడింది. ఈ నాటకంలో వెలకు అందేది వేశ్య మాత్రమే కాదు, పెళ్ళికూతురు కూడా. లుబ్ధావధాన్లు సుబ్బిని పద్దెనిమిది వందల రూపాయలకు కొనడానికి సిద్ధపడ్డాడు. భార్య కొనుగోలు వస్తువైనచోట కొనబడిన సాహచర్యం, కొనబడని సాహచర్యం అనే విభాగమే కూలిపోతుంది. నాటకం మొత్తంలో తన ఇష్టాయిష్టాలను నోరు విప్పి చెప్పగలిగిన స్త్రీ మధురవాణి. గిరీశం గాని రామప్పంతులు గాని ఆమె ఎదుట తమ గొప్పలు చెప్పుకోవడానికి తహతహలాడడం గమనించాలి. వారికి శ్రోత కావాలి. వినగలిగినదీ, విని నవ్వగలిగినదీ ఆమె ఒక్కతే.

వేశ్యలను చూడనని వ్రతం పట్టిన సౌజన్యారావు పంతులు ఎదుటికి ఆమె పురుషవేషంలో వెళ్ళి, తాను చేసే ఉపకారానికి ఒక ముద్దును వెలగా కోరుతుంది. తీరా అతడు అంగీకరించే వేళకు అతని వ్రతభంగం తనకు ఇష్టం లేక ఆ వెలను తానే వదులుకొంటుంది. అతడామెకు భగవద్గీత ఇస్తాడు. వెల అడిగి, దానిని త్యజించి, ఎదుటివాని గౌరవాన్ని పొందడం ఈ ఘట్టంలోని పరిణామం. వసంతసేన ఆభరణాలిచ్చి చేసిన పనిని మధురవాణి వెల వదులుకొని చేసింది.

8. ఉపసంహారం

నేటి సమాజశాస్త్రజ్ఞులు ఈ విషయాన్ని తమ పరిభాషలో చర్చిస్తున్నారు. జీవిక కోసం భావాలను ప్రదర్శించడం కూడా శ్రమయేనని ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో ప్రతిపాదించింది. సాహచర్యాన్ని కొనేవారు నిజమైన ఆత్మీయతనే కోరుతున్నారనీ, అయితే అది నిర్ణీతమైన హద్దులలోనే ఉండాలనుకొంటున్నారనీ ఎలిజబెత్ బెర్న్‌స్టైన్ 2007లో వివరించింది. కృత్రిమాన్ని స్వాభావికంగా తోపింపజేయాలన్న వైశికసూత్రాన్ని ఎరిగినవారికి ఈ సిద్ధాంతాలు అపరిచితాలుగా తోచవు. భేదమొక్కటే. ఆధునికులు దీనిని విపణి లక్షణంగా చూశారు. మన కవులు అంతటితో ఆగక, విపణిని దాటిన క్షణాలను కూడా చూపారు.

పై పరిశీలన వల్ల తేలిన అంశాలను ఇట్లా సంగ్రహించవచ్చు. మనిషి ధనమిచ్చి సాహచర్యాన్ని కోరడానికి మూలం కామం ఒక్కటే కాదు. సమానంగా మాట్లాడేవారు, తుమ్మితే చిరంజీవ అనేవారు, కాదనగలిగి కూడా ఔననేవారు తనకు లేకపోవడం. ఈ లేమిని కల్పించింది భార్యను గోష్ఠికి, గణికను గృహానికి దూరం చేసిన సంఘం. అతడు కొనేది విశ్వాసం. విశ్వాస స్వభావం అమ్మకానికి లొంగేది కాదు గనుక ఆ కొనుగోలు ఎన్నడూ పూర్తి కాదు. ఎదుటివైపు ఉన్న స్త్రీ లేమి అతని లేమికంటె పెద్దది. అతనికి వెల ఇచ్చుకొనే అవకాశమైనా ఉంది.

దేవదాసీ సమర్పణను నిషేధించిన 1947 నాటి మద్రాసు శాసనం, 1988 నాటి ఆంధ్రప్రదేశ్ శాసనం ఆమె బంధాలను తెంచడానికి చేసిన ప్రయత్నాలు. బంధం తెంచడం శాసనం పని. బంధుత్వం కలపడం శాసనానికి సాధ్యం కాదు. ఇంటిలోనే సమానమైన మాటకు చోటు కల్పించడం, వెలకు నిలిచిన స్త్రీకి కూడా ఒక హృదయమున్నదని గుర్తించడం మనుషులు చేయవలసిన పనులు. మన విద్యార్థులకు మృచ్ఛకటికాన్నీ కన్యాశుల్కాన్నీ బోధించేటప్పుడు వసంతసేనను సామాన్యనాయికకు ఉదాహరణగాను, మధురవాణిని హాస్యానికి ఆలంబనంగాను మాత్రమే చెప్పి విడిచిపెట్టక, ఈ దృష్టితో కూడా చూపగలిగితే ఆ పాఠాలకు నిండుదనం వస్తుంది.